చప్పిడి కూడు

ఆయన చేతి వణుకు తగ్గాలని చేశాను. నా మనసులో ఇంకే ఉద్దేశమూ లేదు. ముందు ఈ ఒక్క మాట రాసుకుంటే గాని మిగతాది రాయలేనేమో అనిపించింది.

నేను చదివింది ఐదో తరగతి. కాగితం మీద సంతకం తప్ప ఇన్నేళ్ళుగా ఏమీ రాయలేదు. రాయడం రాక ఎక్కడైనా తికమకగా ఉంటే ఏమీ అనుకోవద్దు. మా అత్తగారికి చదువు రాదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఎవరైనా చదివి వినిపిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

మాది జగ్గయ్యపేట. మా ఆయన ట్రాలీ ఆటోలో ఉల్లిపాయలు అమ్మేవాడు. ఒకరోజు వత్సవాయి వైపు, ఒకరోజు చందర్లపాడు వైపు. మైకులో తనే కేకేసేవాడు. అందరూ ఫోనులో రికార్డు చేసి పెట్టుకుంటున్నారు కదా అంటే, "రికార్డుకి బేరం వస్తదా?" అనేవాడు. ఆడవాళ్ళు ధర తగ్గించమంటే మైకులోనే జవాబు చెప్పేవాడు. "పిన్నిగారూ, మొన్న అయిదు కేజీలు కొన్నారు, అప్పుడే అయిపోయినయ్యా? నన్ను పిలవకుండా పెళ్ళి గాని చేసారా ఏంటి?" వీధి వీధంతా నవ్వేది.

పెళ్ళైన నాలుగో ఏడు ఆయనకి జబ్బు బయటపడింది. వారం రోజులు నిద్ర లేదు. ఒకరోజు ఆటోలో సరుకంతా వీరులపాడులో ఊరికే పంచేసి, ఆటో అక్కడే వదిలి పాడుకుంటూ నడిచి వచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, మంచం దిగలేదు. నందిగామలో డాక్టరుగారు చూసి, మనసు ఒకసారి ఆకాశానికి లేస్తుంది, ఒకసారి పాతాళానికి పడుతుంది, అదే ఈ జబ్బు అని చెప్పి లిథియం బిళ్ళలు రాశారు. అవి బాగా పడ్డాయి. ఎనిమిదేళ్ళు మా ఇంట్లో పెద్ద గొడవ అంటూ లేదు. మూడు నెలలకోసారి రక్తం పరీక్ష, అంతే.

కాకపోతే చేతులు సన్నగా వణికేవి. ఈ బిళ్ళలకి అది ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. కాటా పట్టుకుంటే ముల్లు నిలిచేది కాదు. "ఏం బావా, పొద్దున్నే మొదలెట్టావా?" అని టీ కొట్టు దగ్గర వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అక్కడ నవ్వేసేవాడు. ఇంటికొచ్చాక చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. నేను చూడలేకపోయేదాన్ని.

నా చిన్నప్పుడు మా నాన్నకి పచ్చకామెర్లు వస్తే పసరు మందు పోయించారు. మా అమ్మ నలభై రోజులు ఉప్పు, కారం, పులుపు లేని చప్పిడి కూడు పెట్టింది. మా నాన్న బతికాడు. మందు సగం, పథ్యం సగం అనేది మా అమ్మ. అది నాకు బాగా పట్టేసింది. ఈయన ఎనిమిదేళ్ళుగా మందు మింగుతున్నాడు, ఒక్కరోజు పథ్యం లేదు. ఆవకాయ కలుపుకుని తింటాడు. అందుకే వేడి చేసి చేతులు వణుకుతున్నాయని నాకు తోచింది. ఎవరినీ అడగలేదు.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో మొదలుపెట్టాను.

"ఏమే, కూరలో ఉప్పు మర్చిపోయావ్."

"మర్చిపోలా. పథ్యం. నలభై రోజులు."

"డాక్టరు చెప్పాడా?"

"నేను చెప్తున్నా."

"గేదెకి కూడా కుడితిలో ఉప్పేస్తారే. నేను దానికన్నా తీసిపోయానా?"

"గేదె బిళ్ళలు మింగదు కదండీ."

నవ్వాడు. నవ్వి తిన్నాడు. ఆయనకి నోరూరకూడదని నేనూ అదే తిన్నాను. కొత్త ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేశాను.

ఆ ఎండల్లో ఆయన పొద్దున్నించి తిరిగి వచ్చేసరికి చొక్కా చెమటకి తడిసి, ఆరి, వీపు మీద తెల్లగా ఉప్పు చారలు కట్టేది. రోజూ నేనే ఉతికేదాన్ని. ఒంట్లో వేడి పోతోంది, మంచిదే అనుకున్నాను.

రెండో వారంలో వణుకు ఎక్కువైంది. తగ్గే ముందు అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను. మూడో వారంలో వాంతులు, విరేచనాలు. మాట ముద్దగా రావడం మొదలైంది. మానెయ్యమంటే వినకుండా బండి తీశాడు. మధ్యాహ్నం వత్సవాయి నుంచి ఇద్దరు ఆయన్ని పట్టుకుని తీసుకొచ్చారు.

"అక్కా, ఫుల్లుగా తాగి ఆటో పక్కన పడిపోయాడు. కాస్త చూసుకోండి మీ ఆయన్ని."

నోటి దగ్గర ముఖం పెట్టి చూశాను. ఏ వాసనా లేదు. ఆయన తాగలేదని చెప్పబోయాడు. నాలుక తిరగలేదు. ఆ సాయంత్రం బిళ్ళ కూడా నేనే వేశాను, ఉప్పు లేని మజ్జిగతో.

తెల్లారి నందిగామ తీసుకెళ్ళాను. మా అత్తగారు అప్పుడు నందిగామలోనే మా మరిది దగ్గర ఉండేది, ఆసుపత్రికి పరిగెత్తుకుంటూ వచ్చింది. డాక్టరుగారు ఆయన్ని నడిపించి చూసి నా వైపు తిరిగారు.

"ఉప్పు ఏమైనా తగ్గించారామ్మా? తగ్గిస్తే ఈ మందు ఒంట్లో నిలవైపోయి విషంగా మారుద్ది. మొదట్లోనే చెప్పాను మీకు."

నిజమే, చెప్పారు. అప్పటికి ఎనిమిదేళ్ళ కిందట, మొదటి రోజు చెప్పిన పది జాగ్రత్తల్లో అదొకటి. అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తగారు కొడుకు భుజం పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"లేదండి," అన్నాను. "మామూలుగానే తింటున్నాడు."

అయితే ఎండ, విరేచనాలు కారణం అయ్యుంటాయని చెప్పి వెంటనే విజయవాడ పంపించారు. అక్కడ రక్తంలో మందు చాలా ఎక్కువగా ఉందన్నారు. చేతికి సీసా ఎక్కించారు. ఇది ఏం మందని నర్సుని అడిగాను. "సెలైనమ్మా. ఉప్పు నీళ్ళే," అంది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ప్రాణం దక్కింది. వణుకు కూడా చాలావరకు పోయింది. మాట మాత్రం తిరిగి రాలేదు, నడక రాలేదు. చిన్నమెదడు దెబ్బతిందని, ఇంతకన్నా పెద్దగా మారదని చెప్పారు. ఒక్కో మాటని రాయి మోసినట్టు మోసుకొస్తాడు. ఆటో అమ్మేశాము. నేను మిరపకాయల తొడిమలు తియ్యడానికి కూలికి వెళ్తున్నాను. ఆయన రోడ్డు మీద తూలుతూ నడుస్తుంటే కొత్తవాళ్ళు తాగుబోతనే అనుకుంటారు. టీ అడగాలన్నా రెండుసార్లు చెప్పాలి. అందుకని టీ కొట్టుకి వెళ్ళడమే మానేశాడు. లిథియం ఆపేసి వేరే బిళ్ళలు ఇచ్చారు. వాటికి పొద్దెక్కేదాకా మత్తుగా పడుకుంటాడు, ఒళ్ళు వచ్చింది. మనసు మాత్రం నిలకడగా ఉంది.

మా అత్తగారు ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. రోజూ ఒకటే పాట. "ఆ పాడు బిళ్ళలే నా బిడ్డ నాలిక తినేసినయ్. ఇంకా ఎందుకురా మింగుతావ్? పారేయ్ అవతల."

పోయిన నెల ఊడుస్తుంటే మంచం కింద నుంచి చీపురుకి బిళ్ళలు వచ్చాయి. పది పన్నెండు ఉంటాయి. అప్పటికి మూడు రోజులుగా ఆయన తెల్లారకముందే లేస్తున్నాడు. పాత మైకు దించి తుడిచాడు. కొత్త బండి కొందాం, రెండు బండ్లు కొందాం అని ఆ ముద్దమాటలతోనే ఆపకుండా చెబుతున్నాడు. ఆ జబ్బు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. ఈసారి లేస్తే ఈ కాళ్ళతో ఎక్కడికి పోతాడో, ఏ లారీ కింద పడతాడో.

మా అత్తగారు బియ్యం తేవడానికి రేషను షాపుకి వెళ్ళింది. ఆయన గడప దగ్గర కూర్చున్నాడు. బిళ్ళలు చేతిలో పెట్టి చూపించాను.

"ఏంటండీ ఇవి?"

తల తిప్పుకున్నాడు.

"అత్తయ్య మాట పట్టుకోకండి. బిళ్ళలు చెయ్యలా ఇదంతా. నేను చేసా. ఉప్పు మానిపించా కదా, దాని వల్ల. డాక్టరుగారు అడిగితే అబద్ధం చెప్పా, మీరు మగతలో ఉన్నారు. అందరి ముందూ భయమేసింది. మీకు చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

ఇంకా చాలా అన్నాను, గుర్తు లేదు. ఏడవలేదు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలన్నా ఆయనకి ఎంతసేపు పడుతుందో అనిపించి అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన వీధి వైపు తిరిగాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఏం కావాలో ముందు అర్థం కాలేదు. ఆ పూట వెయ్యాల్సిన బిళ్ళ తెచ్చి ఇచ్చాను. నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు, సగం చొక్కా మీద పోయాయి. నేను కొంగుతో తుడవబోతే నా చెయ్యి పక్కకి నెట్టేశాడు. ఆ నెట్టడంలో కోపం ఉంది. నాకు తెలుస్తుంది.

ఇంక ఏమీ అనడనుకుని లేవబోయాను. కొంగు పట్టుకుని ఆపాడు. పెదాలు కదుపుతున్నాడు. ఒకసారి రాలేదు. రెండోసారి మొదటి ముక్క వచ్చి ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"అమ్మకి... చెప్ప...కు."

ఈలోపు మా అత్తగారు బియ్యం సంచితో సందు మలుపు తిరిగింది. నేను లేచి ఎదురెళ్ళి సంచి అందుకున్నాను.