ఏడు నవలలకు నేను వేసిన వరుస

మా పాఠకుల బృందంలో ఏడుగురం. ఏటా కొత్తగా వచ్చిన తెలుగు నవలల్లోంచి ఏడింటిని ఏరి, అందరం చదివి, మార్కులు వేసి, ఒకదానికి బహుమతి ఇస్తాం. బహుమతి అంటే శాలువా, జ్ఞాపిక కాదు. ఆ నవల ప్రతులు కొన్ని కొని చుట్టుపక్కల చిన్న గ్రంథాలయాలకు ఇస్తాం. రచయితను పిలిచి ఒక పూట పాఠకుల మధ్య కూర్చోబెడతాం. మాలో రచయితలు లేరు, విమర్శకులూ లేరు. గాజువాకలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద గది ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. అక్కడ కలుస్తాం.

నేను ఉక్కు ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. కరిగిన ఉక్కు నమూనా వస్తే అందులో ఏది ఎంత ఉందో చూసి రాసి పంపడం నా పని. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. రోజుకో పేజీ. ఎండో వానో, ఎక్కిన బస్సు, కలిసిన మనుషులు, చదివిన పుస్తకం, ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా. ఈ అలవాటు చూసి బృందంలో కాగితాల పనంతా నాకు అప్పగించారు.

చదివే పద్ధతి కూడా నేనే తయారుచేశాను. ఒక్కో నవల ఒక్కో ప్రతే కొంటాం. ఎవరి పుస్తకమో తెలియకుండా ఖాకీ అట్ట వేసి, లోపల పేరున్న పేజీని కాగితంతో మూసి, ఒకటి నుంచి ఏడు దాకా నెంబర్లు వేస్తాను. మనుషులకూ చీటీలు తీసి నెంబర్లు ఇస్తాను. ఒకటో మనిషి ఒకటో పుస్తకంతో, రెండో మనిషి రెండో పుస్తకంతో మొదలుపెడతారు. మూడు వారాలకోసారి ఎవరి చేతిలోని పుస్తకాన్ని వాళ్ళు పక్క నెంబరు మనిషికి అందిస్తారు. ఏడోవారు ఒకటోవారికి ఇస్తారు. అయిదు నెలలు తిరిగేసరికి అందరూ అన్నీ చదివేస్తారు. ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఈ వరుస వేసినందుకు నన్ను అందరూ మెచ్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది.

ఇంకో నియమం కూడా నేను పెట్టిందే. ఒక నవలకు ఒకరు వేసిన మార్కు మిగతావాళ్ళ సగటుకు నాలుగు కంటే ఎక్కువ దూరంలో ఉంటే దాన్ని కొట్టేయాలి. పదికి మార్కులు. అట్ట వేసినా పోల్చుకుని తెలిసిన రచయిత అని ఒకరు పది వేసినా, పడని రచయిత అని ఇంకొకరు సున్నా వేసినా ఫలితం పాడవకూడదని ఆ నియమం. మూడేళ్ళలో దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

ఈసారి వచ్చింది. మార్కుల చీటీలు విప్పి నేను పైకి చదువుతున్నాను. మూడో నెంబరు నవలకు మూడు, నాలుగు, నాలుగు, అయిదు, మూడు, నాలుగు. ఏడో చీటీలో తొమ్మిది ఉంది.

"తొమ్మిదా? ఎవులేసినారు బావ?" అన్నాడు గాజువాక ఆయన. ఆయనా నేనూ ఒకే ఫ్యాక్టరీ. క్రేన్ ఆపరేటర్‌గా చేసి నాకంటే రెండేళ్ళ ముందు రిటైరయ్యాడు.

"నానేనన్నా," అందామె. రేవు పక్క వన్ టౌన్‌లో టైలరింగ్ షాపు ఆమెది. ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. షాపులో కూర్చునే చదువుతుంది. బృందంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు.

"ఏటి సెల్లెమ్మా, నీ మిషను కథని మార్కులు గుమ్మరించేసినావేటి? ఇద్దరాడోళ్ళు గోనెసంచులు కుట్టుకుంటారు. బయిట వాన పడతాది. తిరిగి గోనెసంచులు కుట్టుకుంటారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూడో నవల అంతకంటే పెద్ద కథ కాదు. రేవు దగ్గర ఒక సందులో సంచులు కుట్టే అక్కచెల్లెళ్ళ ఒక్క వానాకాలం. నూట పది పేజీలు.

"మీరు క్రేను తోలినోళ్ళు కదా. నాలుగోదాంట్లో డ్యాం కడతారని దానికి తొమ్మిదేసినారా?" అందామె.

ఈసారి ఆయన మీద నవ్వారు. కానీ నాలుగో నెంబరుకు అందరం ఎనిమిదో తొమ్మిదో వేశాం. ఆరు వందల పేజీలు, నాలుగు తరాలు, రెండు హత్యలు, మునిగిపోయిన ఊళ్ళు. దానికి ఆమె ఒక్కతే నాలుగు వేసింది.

తగరపువలస నుంచి వచ్చే టీచరమ్మ నా కాగితంలోకి చూసి నెమ్మదిగా అంది. "అన్నయ్యగారూ, నియమం ప్రకారమైతే ఆ రెండూ కొట్టేయాలి కదండీ."

"అవునమ్మా," అన్నాను.

కుట్టుపనామె అడిగింది. "కొట్టేయడమంటే ఏటి సార్? నాను సదవనట్టా?"

అలా కాదనీ, ఆ రెండు నవలలకూ ఆమె మార్కు లెక్కలోకి రాదనీ చెప్పాను.

"ఏడింటిలో నాకు బాగా నచ్చిందొకటి, నచ్చనిదొకటి. ఆ రెండూ తీసేసినాక ఇంక నాను సెప్పిందేటుంది? తప్పు సదివితే తప్పని సెప్పండి. మా సందు కథని వేసినానంటే ఒప్పుకోను. అలగైతే వచ్చే ఆదివారం నుంచి నాను రావడమెందుకు?" కోపంగా అనలేదు. సంచీలో కళ్ళజోడు పెట్టుకుంటూ అంది.

ఫలితం కాగితం శుభ్రంగా రాసి వచ్చే ఆదివారం తెస్తాననీ, అప్పటిదాకా ఏదీ కొట్టేయననీ చెప్పి సభ ముగించాను. ఆ వారం రోజుల్లో నాకున్న పని ఒకటే. ఆమె రెండు మార్కులు కొట్టేయాలా వద్దా తేల్చడం. కొట్టేస్తే ఆమె మళ్ళీ రాదని నాకు తెలుసు.

ఫలితం కాగితంలో ప్రతి నవలకూ నా అభిప్రాయం రెండు వాక్యాలు రాయాలి. మూడో నెంబరు దగ్గరికి వచ్చేసరికి ఏమీ తోచలేదు. అక్కచెల్లెళ్ళలో పెద్దది ఎవరు, చిన్నది ఎవరు అన్నది కూడా గుర్తులేదు. డైరీ తీశాను. నాలుగో నెంబరు నాకు ఇరవై ఒక్క రోజుల్లో అవ్వలేదు. లావు పుస్తకమని ఈసారి దానికొక్కదానికి రెండు ప్రతులు కొన్నాం గనుక గడువు దాటినా నా దగ్గరే ఉంచుకున్నాను. మూడో నెంబరు ఇంటికి వచ్చాక కూడా ఇంకో పదహారు రోజులు నాలుగోదే చదివాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఇలా ఉంది. "మూడో నెం. 1 నుంచి 110. భోజనం అయ్యాక మొదలుపెట్టి టీ వేళకు ముగించాను. చప్పగా ఉంది. నాలుగో నెంబరులో పెద్దకొడుకును చంపింది ఎవరై ఉంటారు?"

ఆ చివరి ప్రశ్న నేనే రాసుకున్నాను. అంటే మూడో నవల చదువుతున్నంతసేపూ నాలుగో నవల గురించే ఆలోచించాను.

అప్పుడు చేతులు మారే వరుస కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరి పేరు కింద పుస్తకాల నెంబర్లు వచ్చిన క్రమంలో రాశాను. నాకు ఒకటి, ఏడు, ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు. టీచరమ్మకు రెండు, ఒకటి, ఏడు, ఆరు, అయిదు, నాలుగు, మూడు. ఆరుగురివి రాసేసరికి విషయం తెలిసింది. ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా క్రమం ఒకటే. ఆరుగురికీ నాలుగో నెంబరు ముగిసిన వెంటనే మూడో నెంబరు చేతికి వచ్చింది. పెద్ద నవల తాలూకు ఊపు తగ్గకముందే, దానికి వాడేసిన రోజులు పోగా మిగిలిన నాలుగైదు రోజుల్లో, అందరం ఆ చిన్న నవలను అవగొట్టేశాం.

అలా జరగనిది ఒక్కరికే. మూడో నెంబరుతో మొదలుపెట్టిన మనిషికి. చీటీలో మూడు వచ్చింది కుట్టుపనామెకు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, నాది తప్ప. పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది చూశాను గానీ, ఏ పుస్తకం తర్వాత ఏది వస్తుందో చూడలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. లాబ్‌లో ఒక నమూనా మిగతావాటికి దూరంగా వస్తే మేము దాన్ని వెంటనే పక్కన పెట్టేసేవాళ్ళం కాదు. ముందు మళ్ళీ పరీక్ష చేసేవాళ్ళం. ఆ నియమంలో సగమే ఇక్కడికి తెచ్చాను.

మర్నాడు ఉదయం బస్సెక్కి వన్ టౌన్ వెళ్ళాను. షాపు చిన్నది. ఒక మిషను, ఒక బల్ల, గోడకు కొక్కేల మీద కుట్టిన జాకెట్లు. ఆమె పాదం ఆపి స్టూలు జరిపింది. వరుస కాగితం చూపించి, జరిగింది చెప్పాను. కాగితం మీద వేలు పెట్టి తన పేరు కింద నెంబర్లు చదువుకుంది.

"అంటే నాను సరిగ్గా సదివినట్టే కదా సార్?"

"మూడోది నువ్వు ఒక్కర్తివే సరిగ్గా చదివావమ్మా."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కాగితం ఇంకా చూస్తూనే ఉంది.

"మరి నాలుగోది నాకు ఆఖర్న వచ్చింది," అంది.

"అవును."

"అది రంజాన్ ముందు సార్. ఇలగ నిలబడ్డానికి చోటు లేదు. పండగ బట్టలు. పది పేజీలు సదివితే ఒకావిడ, అయిదు సదివితే ఇంకొకావిడ. ఆ కొడుకులెవరో, మనవలెవరో కలిసిపోయినారు. ఇసుగొచ్చి నాలుగేసినాను." కాగితం నాకు తిరిగి ఇచ్చింది. "మీరు మూడోది సరిగ్గా సదవలేదంటే, నాను నాలుగోది సరిగ్గా సదవలేదు. నా తొమ్మిది ఉంచుతున్నామని, ఆ నాలుగు కూడా ఉంచకండి. మళ్ళీ సదువుతాను."

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది నా తప్పు చెప్పడానికి. ఆమె తనది కూడా చెప్పింది. ఆమె చెప్పకపోతే నేను దాన్ని గమనించేవాణ్ణి కాదు.

ఆదివారం వరుస కాగితం బల్ల మీద పరిచి అందరికీ వివరించాను. క్రేన్ ఆయన మొదలుపెట్టాడు.

"బావ, మరి నాలుగోది అయిదో దాని తరవాత వచ్చింది గదా. ఆ అయిదోది సదివినోడికి తరవాత కరెంటు బిల్లిచ్చినా బాగుంటాది. అలగైతే ఏడూ మళ్ళీ సదవాల. మనం బతికుండగా అవుద్దేటి?"

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. ఏ వరుస వేసినా ఏదో ఒకటి ఏదో ఒకదాని తర్వాత వస్తుంది. పూర్తిగా సరిచేసే ఉపాయం నా దగ్గర లేదని చెప్పాను. మూడో నెంబరును ఆరుగురం, నాలుగో నెంబరును ఆమె మళ్ళీ చదవాలనీ, ఫలితం రెండు నెలలు వాయిదా వేయాలనీ తీర్మానించాం. ఇంకో రెండు ప్రతులు తెప్పించాం. దూరంగా ఉన్న మార్కును కొట్టేసే నియమం తీసేయాలని నేనే ప్రతిపాదించాను. అయిదుగురు సరే అన్నారు. క్రేన్ ఆయన వద్దన్నాడు.

రెండోసారి నేను మూడో నెంబరును తొమ్మిది రోజులు చదివాను. పెద్దామెకు చూపు తగ్గుతోంది. కుట్లు వంకరపోతాయి. తెల్లవారుజామున చెల్లెలు లేచి, అక్క సంచుల కుట్లు విప్పి మళ్ళీ కుట్టి అక్కడే పెడుతుంది. ఎందుకన్నది నవలలో ఎక్కడా విప్పి చెప్పలేదు. మొదటిసారి నేను చూడనే లేదు. నా మార్కు నాలుగు నుంచి ఏడుకు మారింది.

ఫలితం చదివిన రోజున గదిలో ఏడుగురం ఉన్నాం. ఆమె నాలుగో నెంబరుకు ఈసారి ఏడు వేసింది. మూడో నెంబరుకు మాలో అయిదుగురి మార్కులు పెరిగాయి. బహుమతి నాలుగో నెంబరుకే వచ్చింది. ఆరో స్థానంలో ఉన్న మూడో నెంబరు రెండో స్థానానికి వచ్చింది. ఒక్కొక్కరి మార్కులూ పైకి చదివాను. ఆమె తొమ్మిది కూడా చదివాను. ఇప్పటికీ అదే అందరికంటే ఎక్కువ.

"మారనిది ఇంకోటి ఉంది. క్రేన్ మాస్టారి మూడు," అంది టీచరమ్మ.

"నాకు నచ్చలేదు, ఏటి సేమంటావు?" అన్నాడాయన.

కుట్టుపనామె ఆయన వైపు తిరిగింది. "ఎంతవరకు సదివినారన్నా?"

"సదివినాను."

"ఎంతవరకు?"

ఆయన తల గోక్కున్నాడు. "రెండుసార్లూ నలభయ్యో పేజీకాడ నిద్దరొచ్చేసింది తల్లీ. అబద్దమెందుకు."

పుస్తకం పూర్తిచేయకుండా మార్కు వేయకూడదన్నది మా మొదటి నియమం. నేను పెన్ను మూత పెట్టాను. ఆమె బల్ల మీది ప్రతి అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నలభయ్యో పేజీ తీసింది.

"కూకోండి. ఇక్కడి నుంచే," అంది.

గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మొదట్లో తడబడింది. చెల్లెలు దీపం వత్తి తగ్గించి మొదటి సంచీ ఒళ్ళోకి తీసుకునే చోటికి వచ్చాక తడబాటు పోయింది. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. ఒకచోట, "అక్కకి తెలుసునేటి?" అని అడిగాడు. ఆమె పేజీ తిప్పి ముందుకు చదివింది. తగరపువలస బస్సుకు వేళవుతున్నా టీచరమ్మ ఆ సంగతి ఎత్తలేదు. నేను ఆయన మార్కు దగ్గర కాగితాన్ని ఖాళీగా ఉంచి, విన్నాను.