చిన్నాయన కిర్రుచెప్పు

మొన్న జగిత్యాలలో డాక్టరమ్మ మా తమ్ముడి మెదడు ఫిల్మును వెలుతురుకెత్తి చూపిస్తుంటే, నాకు అందులో మెదడుకు బదులు ఒక తోలుచెప్పు కనిపించింది. నవ్వకండి. నేను కోతలు కోస్తానని మా కోరుట్లలో అందరికీ తెలిసిందే గాని, ఇది మాత్రం పదహారణాల నిజం.

మా తమ్ముడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. మన చిన్నప్పుడు ఆ పేరు ఎవరికి తెలుసు? బొద్దు చేతులు, ఎదురొచ్చిన ప్రతివారినీ వాటేసుకునే గుణం చూసి, దేవుని పిల్లగాడని ఊరుకున్నారు. వాడికి అక్షరాలు అబ్బలేదు గాని, పెళ్లిపందిరి ముందు కుప్పపడ్డ చెప్పుల్లో మన జత వెతుక్కోవడం ఎంత గండమో మీకు గుర్తుంటే, ఆ గండం మా చుట్టాలకు ఉండేది కాదని చెప్పాలి. వాడు గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, భోంచేసి వచ్చినవారి ముఖం చూడగానే వారి జత తెచ్చి కాళ్ల ముందు పెట్టేవాడు. మూడేళ్ల తర్వాత వచ్చిన పెగడపల్లి మేనత్తను, పాత ఎర్ర చెప్పులేవని నిలదీసి తిట్టాడని చెబుతుంటాను; తిట్టడం నా కల్పన, మిగతాదంతా జరిగిందే.

సిరిసిల్లలో ఉండే మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, దొరతనం పోయినా కిర్రుచెప్పులు వదలని మనిషి. ఆ చప్పుడు వినగానే వీధి లేచి నిలబడాలని ఆయన కోరిక. ఇంటికొచ్చిన చుట్టం పిల్లలను, ముసలివారిని పట్టుకుని నేనెవరో చెప్పమని అడగడం మనవైపు ఉన్నదే కదా, తమ్ముడికి నలభై దాటినా చిన్నాయన వాడిని అలా అడగడం మానలేదు. కోరుట్లలో ఒక పెళ్లిలో పదిమంది ముందు అడిగితే, వాడు చాలాసేపు చూసి, వెళ్లి ఒక కిర్రుచెప్పు, ఎవరిదో ఒక రబ్బరుచెప్పు తెచ్చి ముందు పెట్టాడు.

"మస్తు నాటకాలు నేర్చిండు గీడు!" అంటూ చిన్నాయన వాడి చెంప పగలగొట్టాడు. ఇకమీదట వాడిని ఏ శుభకార్యానికీ తేవద్దని తీర్మానం కూడా చేశాడు. అప్పటికే వాడు స్నానానికి మొండికేస్తున్నాడు, తెలిసిన దారిలోనే ఆగిపోతున్నాడు. అదంతా పొగరనుకుని నేనూ ఆ రోజు వాడినే కసిరాను. ఇంటికొచ్చాక వాడు పీటను మంచం కిందికి తోసేశాడు. అది చూశాక నాకు పగ పుట్టింది.

ఆరు నెలలకు మా పెద్దక్క జగిత్యాలలో కొత్తింట్లో పాలు పొంగించింది. నేను తెల్లవారకముందే వెళ్లి, వంటవాడి దాకా అందరి చెవిలో ఒక మాట వేసి, గుమ్మం దగ్గర పీట వేసి తమ్ముడిని కూర్చోబెట్టాను. కిర్రుకిర్రుమంటూ చిన్నాయన రానే వచ్చాడు.

"ఎవలు గావాలె?" అన్నాను.

"ఏందే, నేను! మీ చిన్నాయనను!"

"మా చిన్నాయనను నేనెరుగనా? నువ్వెవలే పెద్దమనిషి?"

"పక్కింటోళ్లకు అచ్చినట్టున్నడు పాపం," అంది పెద్దక్క.

"పిలువని పేరంటానికి గింత సప్పుడు జేసుకుంట వస్తరా?" అన్నాడు వంటవాడు, గరిటె ఆపకుండానే.

వీధికుక్క కూడా ముఖం తిప్పుకుందని చెబుతుంటాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత గొంతు తగ్గించాడు. అందరూ తనను చూస్తున్నారు, తానెవరో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. ఆ బెదురు ఆయన కళ్లలో చూడటానికే నేను ఆరు నెలలు ఆగాను. చివరికి తమ్ముడి వైపు తిరిగి, "నువ్వన్న జెప్పురా, నేనెవర్ని?" అన్నాడు.

వాడికి తెలియలేదు. తెలియకుండానే లేచి, తనను కొట్టిన ఆ చేయే పట్టుకుని, "బువ్వ తిన్నవా? రా," అంటూ భోజనాల బంతి దగ్గరికి తీసుకుపోయాడు. మా నవ్వులు ఆగిపోయాయి. చిన్నాయన తలెత్తకుండా తిన్నాడు. నేను మాత్రం ఆలోగా ఒక కిర్రుచెప్పు సంచిలో వేసుకుని, దాని స్థానంలో రబ్బరుచెప్పు పెట్టాను. ఆ జతతోనే ఆయన సిరిసిల్ల బస్సెక్కాడు. బస్టాండంతా విరగబడి నవ్విందని చెబుతాను గాని, నేను చూడలేదు.

ఇన్నాళ్లకు డాక్టరమ్మ విప్పి చెప్పింది. ఇలాంటివారికి పుట్టుకతో ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండటం వల్ల, మెదడులో ఒకరకం ప్రోటీన్ మనకంటే చాలా ముందే పేరుకోవడం మొదలవుతుందట. అందుకే నడివయసులోనే మతిమరుపు జబ్బు పట్టే ముప్పు ఎక్కువట. థైరాయిడ్, వినికిడి లోపం కూడా ఇలాగే కనిపించవచ్చని ముందు అవి చూసింది. నాటకం కాదమ్మా, జబ్బు అంది. నేనెవరో చెప్పమని పరీక్షలు పెట్టకండి, మీరే పేరు చెప్పి పలకరించండి అంది.

ఆ మాట చిన్నాయనకు ఫోనులో చెప్పాను. వచ్చి వాడిని చూసిపోతానన్నాడు. "రా. గని గడపల నిలవడి, నేను ఫలానా, నిన్ను కొట్టినోన్ని అని నువ్వే వానికి చెప్పాలె. గప్పుడే నీ చెప్పు నీకిస్త," అన్నాను. ఇంకా రాలేదు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో చెప్పులకు అరలు వచ్చాయి. ముఖం చూసి జత తెచ్చే మనిషితో ఎవరికీ పనిలేదు. తమ్ముడు అప్పుడప్పుడు మా గోడ మేకుకు వేలాడే ఆ కిర్రుచెప్పును తీసి, వంచి, కిర్రుమనిపించి నవ్వుతాడు. ఎవరిదో వాడికి తెలియదు, ఆ చెంపదెబ్బా గుర్తులేదు. వాడి వంతు కూడా నేనే గుర్తుపెట్టుకుంటున్నాను.