ఉండండి బావగారూ

మొన్న ఫ్రిజ్ తెచ్చుకుందామని రాజమండ్రి బైపాస్ పక్కన కొత్తగా కట్టిన గోడౌన్‌కి వెళ్తే, నారింజ రంగు జాకెట్టు తొడుక్కున్న ఓ అమ్మాయి ఫోర్క్‌లిఫ్ట్‌ని వెనక్కి నడుపుతోంది; దాని వెనక ఎవరో అడ్డం వెళ్ళేసరికి నాకు తెలియకుండానే "ఆగు!" అని కేకేశాను. అందరూ నా వంక తిరిగి చూశారు. బండి అప్పటికే ఆగి ఉంది. "సెన్సర్ ఉందండీ, మనిషి అడ్డొస్తే అదే ఆగిపోద్ది" అని ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను కానీ, ఆ కేక నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చి ఇంటికొచ్చాక కాఫీ కూడా సహించలేదు.

నా మొదటి ఉద్యోగం సామర్లకోట దగ్గర ఒక బియ్యం గోడౌన్‌లో. బస్తాలు వీపుల మీద మోసే రోజులు పోయి మాకూ ఒక ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినప్పుడు, ట్రాక్టరు తోలిన అనుభవం ఉందని దాన్ని మా అక్క భర్తకే, అంటే మా బావగారికే అప్పగించారు. కళాసీల మేస్త్రీ మా చిన్నాన్న. బస్తాలు ఎత్తుగా పేరిస్తే ముందు దారి కనబడదు కనుక బావగారు వెనక్కే నడిపేవారు, వెనక నిలబడి దారి చెప్పడం నా పని. మా వైపు సంగతి మీకు తెలియనిదేముంది, అక్క మొగుణ్ణి ఏకవచనంలో పిలిస్తే ఇంట్లో అన్నం పెట్టరు. అందుకని రమ్మనడానికి రండి, ఆగమనడానికి ఉండండి.

ఒకరోజు చిన్నాన్న జారిపడ్డ బస్తా సర్దుతూ బండి వెనక వంగి ఉన్నాడు. ఉండండి, ఉండండి అని గొంతు చించుకున్నాను. ఇంజను మోతలో బావగారికి చివరి ‘ండి’ మాత్రమే వినబడింది, రమ్మంటున్నాననుకుని వచ్చేశారు. చక్రం చిన్నాన్న పాదం మీదికెక్కింది.

ఆయన మళ్ళీ నడుస్తాడో లేదో తెలియని ఆ రెండు నెలలూ బావగారు బండి తాళం తిరిగిచ్చేసి ఇంట్లో కూర్చున్నారు. రండి అన్నావని ఆయన, ఉండండి అన్నానని నేను. మధ్యలో అక్క ఇద్దరికీ అన్నం పెట్టేది, ఇద్దరితోనూ మాట్లాడేది కాదు. చివరికి కర్ర ఊతంతో కుంటుకుంటూ చిన్నాన్నే వచ్చి తేల్చేశాడు. "ఒరేయ్, నీ మర్యాద ఇంటి దగ్గర పెట్టుకో. గోడౌన్ ప్లాట్‌ఫారం మీద మీ బావగారినైనా సరే ఆగు అనాలంతే."

అనడం అంత తేలికా! ఆ సాయంత్రం బావగారు మళ్ళీ బండెక్కి, ఖాళీ ప్లాట్‌ఫారం మీద నా చేత సాధన చేయించారు. ఎన్నిసార్లన్నా ఆగు వెనకాలే ‘అండి’ తోకలా వచ్చేది. ఆయన పగలబడి నవ్వి, "అనవోయ్, నేనేం అనుకోను" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అరిచాను. బండి ఠక్కున ఆగింది. మేమిద్దరం అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు.

ఇప్పుడు బండ్లే మనిషిని కనిపెట్టి ఆగుతున్నాయి. మంచిదే, ఒక్క పాదమైనా నలగకుండా ఉంటే అంతకంటే ఏం కావాలి. కానీ, నన్ను నువ్వు అని పిలవవోయ్ అని బతిమాలే పెద్దవాళ్ళ పక్కన పనిచేయడం ఎలా ఉంటుందో ఈ పిల్లలకు తెలియదు కదా అనిపిస్తుంది. బావగారు కిందటి కార్తీకంలో పోయారు. ఆసుపత్రి మంచం పక్కన ఆయన చెయ్యి పట్టుకుని, అది ప్లాట్‌ఫారం కాదు కదా, అలవాటు కొద్దీ ఉండండి బావగారూ, ఉండండి అన్నాను. ఆగు అనవలసింది.