సూరిబాబు బ్యాటింగ్ చూడ్డానికి బహ్రెయిన్‌కి

తొంభై మూడు నవంబరులో ఒక సాయంత్రం ఆరింటికి రాజమండ్రిలో బొంబాయి రైలెక్కాను. బహ్రెయిన్‌లో, సల్మానియా ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి సునీత విజిట్ వీసా పంపింది. కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం కాదు. కానీ రెండేళ్లుగా "వస్తాలే" అంటూ వాయిదా వేస్తున్నవాణ్ణి ఒక్కసారిగా లేవదీసింది ఆమె ఉత్తరంలోని ఒక ముక్క: "నాన్నా, మా తెలుగు ఫెలోషిప్‌కి సూరిబాబు వస్తున్నాడు. అరాద్‌లో ఏదో కంపెనీలో స్టోర్‌కీపరట."

సూరిబాబు నా శిష్యుడు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాష్టారుగా చేసిన నా చేతుల్లోంచి రాష్ట్ర జట్టు దాకా వెళ్లినవాడు వాడొక్కడే. మొదటి మూడు మ్యాచ్‌ల్లో రెండు సెంచరీలు కొట్టాడు. పేపర్లో ఫొటో పడితే కత్తిరించి స్టాఫ్‌రూంలో అంటించాను. మరుసటి ఏడాది వరసగా ఎల్బీడబ్ల్యూ అవుతుంటే, "నిలబడే తీరు మార్చరా, ఎడంకాలు కాస్త పక్కకి పెట్టు" అని చెప్పాను. మార్చాడు. దాంతో ఆఫ్‌సైడు కొట్టే షాట్లు కూడా పోయాయి. మూడో ఏడాది జట్టులోంచి తీసేశారు. ఆ తర్వాత వాడేమయ్యాడో నాకు తెలీదు. తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు.

రైల్లో ముప్పై గంటలు, బొంబాయి లాడ్జిలో ఒక రోజు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి విమానం. పక్క సీట్లో రాజోలు నుంచి మంగమ్మగారు, ఇళ్లలో పనికి వెళ్తున్నావిడ. ఆవిడ దిగేటప్పుడు ఇవ్వాల్సిన కాగితం నింపిపెట్టాను. శిష్యుణ్ణి కూడా చూడాలని చెప్తే, "ఉట్టి రోజుల్లో ఎల్లకండి బాబూ, డూటీలో ఉంటారు. శుక్కురోరం సెలవు, అప్పుడెల్లండి" అంది. మూడు గంటలు ఎగిరినా అక్కడి గడియారంలో తొమ్మిదిన్నరే అయింది. సునీత టాక్సీతో వచ్చింది. మధ్యాహ్నం వాళ్ల ఫ్లాట్‌లో చేపల పులుసు. చేప అక్కడిదే, చింతపండు నేను మోసుకెళ్లింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఫెలోషిప్ ప్రార్థన. నలభై మంది దాకా వచ్చారు గానీ సూరిబాబు రాలేదు. "ఇవాళ అరాద్‌లో మ్యాచ్‌కి అంపైరింగట నాన్నా, పొద్దున్నే గ్రౌండు సర్దడానికి వెళ్లాడట" అంది సునీత. భోజనం చేసి ఒంటిగంటకి నేనొక్కణ్ణే బయల్దేరాను. వెళ్లేవాళ్ల కోసం చెప్తున్నాను: సల్మానియా నుంచి మనామా బస్టాండు, అక్కడ ముహర్రఖ్ బస్సు, ఆపైన నలుగురితో కలిసి పికప్ వ్యాను. విమానాల చప్పుడు దగ్గరయిందంటే అరాద్ వచ్చినట్టే.

గ్రౌండంటే గులకరాళ్ల నేల. మధ్యలో సిమెంటు పట్టీ, దానిమీద కొబ్బరిపీచు మ్యాట్. రెండింటికి ఆట మొదలైంది. ఈసా టౌన్ నుంచి వచ్చిన టీచర్ల జట్టుతో అరాద్ కార్మికుల క్యాంపు వాళ్లు ఆడుతున్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న అంపైరు నడక చూసి గుర్తుపట్టాను. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. టీ విరామంలో నన్ను చూసి ఆగిపోయాడు.

"మాష్టారూ... మీరేనా?"

ఒక బల్లమీద కూర్చున్నాం. దారంతా కూడబలుక్కున్నదంతా మర్చిపోయి ఒక్కమాట అనేశాను. "నీ ఆట పాడుచేసింది నేనేరా."

వాడు నవ్వాడు. "మీరొక్కరేనా? సలహా ఇవ్వనివాడెవడు మాష్టారూ! నిజం చెప్పనా? మొదటి ఏడాది నేనెవరో బౌలర్లకి తెలీదు. రెండో ఏడాది తెలుసుకుని వచ్చారు. లోపలికి తిరిగే బంతి నాకు చేతకాదు. మీరు చెప్పకపోయినా ఔటయ్యేవాణ్ణే." టీ కప్పు కింద పెట్టి అన్నాడు. "కానీ జట్టులోంచి తీసేశాక మీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. అది మాత్రం బాధేసింది."

నేను సిగ్గుపడ్డాను. "ఏం రాయాలో తెలీలేదురా" అన్నాను. అది నిజమే, కానీ చాలదు.

ఇంతలో అరాద్ కెప్టెన్ నాసిర్, పాకిస్తాన్ డ్రైవరు, పరిగెత్తుకొచ్చాడు. వాళ్ల బ్యాట్స్‌మన్ ఒకడి వేలు వాచింది. "భాయ్, ఒక మనిషి తక్కువ. ఆజ్ తో ఖేలో, ఇవాళైనా ఆడు!"

రెండేళ్లుగా సూరిబాబు బ్యాటు పట్టలేదట. నావైపు చూశాడు. "మీరు అంపైరింగ్ చేస్తారా మాష్టారూ? అయితే ఆడతాను." టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

క్రీజులో నిలబడ్డాడు. కాళ్లు దగ్గరగా, చిన్నప్పటిలాగే. మొదటి మూడు బంతులు తడబడ్డాడు. నాలుగోది ఆఫ్‌సైడు వచ్చింది. వంగి, మోచెయ్యి ఎత్తి, కవర్స్‌లోంచి కొట్టాడు. రాళ్లమీద గంతులేసుకుంటూ బౌండరీ దాటింది. ఒళ్లు పులకరించింది నాకు. అంపైరునని మర్చిపోయి చప్పట్లు కొట్టబోయి ఆగాను. అలాంటివి ఇంకో మూడు కొట్టాడు. పంతొమ్మిది పరుగుల దగ్గర టీచర్ల ఫాస్ట్ బౌలరు బంతిని లోపలికి తిప్పాడు. అది వాడి ప్యాడ్‌కి తగిలింది. సరిగ్గా మిడిల్ స్టంపు ముందు.

పదకొండుమందీ అరిచారు. సూరిబాబు కదల్లేదు, నన్నే చూస్తున్నాడు. కాదని తలూపితే సరిపోయేది. ఫ్రెండ్లీ మ్యాచే, ఎవరేమంటారు? కానీ అది వాడి మీద జాలిపడడం అవుతుంది. జాలి కోసం వాడు బ్యాటు పట్టలేదు. వేలెత్తాను.

"సొంత గురువే ఔటిచ్చాడా!" అని బయట ఎవరో తెలుగులో కేకేశారు. సూరిబాబు బ్యాటు చంకలో పెట్టుకుని నా పక్కనుంచే వెళ్తూ మెల్లగా అన్నాడు. "కరెక్టే మాష్టారూ. బాగా చూశారు."

తర్వాత రెండు శుక్రవారాలూ ఆడాడు. ఒకసారి నాలుగు, ఒకసారి ముప్పై ఒకటి. రెండుసార్లూ నేను బయట కూర్చుని చూశాను. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణం ఉదయం పదకొండు గంటల విమానం. కిందకి చూస్తే గ్రౌండు కనిపిస్తుందేమోనని వెతికాను, దొరకలేదు. గొప్పగా మొదలెట్టి మధ్యలో ఆగిపోయిన కుర్రాళ్లని మనం అయ్యో అని వదిలేస్తాం. వాళ్లలో ఆట ఇంకా ఉంటుంది. చూసే మనమే లేచి వెళ్లిపోతాం.

పక్క సీటాయన కరీంనగర్ వైపు మేస్త్రీ. మాటల్లో నేను ఆటలు నేర్పేవాణ్ణని తెలిసి అడిగాడు. "మీరు చూసినోళ్లల్ల మంచిగ ఆడేటోడు ఎవరు సార్?"

"సూరిబాబు" అన్నాను.

"ఆ పేరు ఎన్నడు ఇనలేదే. ఎక్కడ ఆడ్తడు?"

"అరాద్‌లో. ప్రతి శుక్రవారం, రెండింటికి."