ఆఖరి లాగుడు

బెల్లం లోడు కట్టడం వేరు, మోటారుసైకిలు కట్టడం వేరు. ఈ సంగతి నాకు అరవై నాలుగో ఏట తెలిసింది. తెలిసేసరికి నష్టం జరిగిపోయింది. ఆ నష్టం నాది కాదు, మా అబ్బాయిది.

అనకాపల్లి బెల్లం యార్డులో నలభై ఏళ్ళ పైచిలుకు కళాసీగా పనిచేసేను. దిమ్మలు మొయ్యడం, లారీలోకి ఎత్తడం, తాళ్ళు కట్టడం మా పని. అందులో తాడు నాది. నేను కట్టిన లోడు ఒరిగిపోయిందని ఒక్క డ్రైవరూ తిరిగొచ్చి చెప్పలేదు. ఇది గొప్పకి రాయడం లేదు. ఆ నమ్మకమే కొంప ముంచింది కాబట్టి రాస్తున్నాను.

మా కళాసీల్లో ఒక అలవాటుంది. కట్టు అంతా అయిపోయి, డ్రైవరు బండి స్టార్టు చేసేక, ఒకడు మళ్ళీ పైకెక్కి, లోడుకి కాలు తన్నిపెట్టి ఇంకో పట్టు లాగుతాడు. దాన్ని ఆఖరి లాగుడు అంటాం. బెల్లం ఎండకి మెత్తబడుతుంది, దారిలో కుదుపులకి సర్దుకుంటుంది, తాడు వదులైపోతుంది. అందుకని ఆ లాగుడు. అది లాగకుండా లోడు పంపినవాణ్ణి యార్డులో నెల రోజులు ఏడిపించేవాళ్ళం. తాళి కట్టి మూడోముడి మర్చిపోయేవురా అనేవాళ్ళం. పని మానేసి ఆరేళ్ళయినా, తాడు కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

మా అబ్బాయికి ఒక డర్ట్ బైకు ఉండేది. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు. లైటు లేదు, హారను లేదు, నెంబరు లేదు. ఎత్తుగా, సన్నగా, మిడతలాగ ఉంటుంది. గుట్టల మీద, దున్నిన చేలల్లో ఎగరేసుకు తిరగడానికి చేసిన బండి. వాడు దాన్ని ఎవరి దగ్గరో పాడైపోయి ఉంటే తెచ్చి, తుమ్మపాల దగ్గర మా పశువుల పాకలో ఏ ముక్కకి ఆ ముక్క విప్పి, ఏడాదిపాటు బాగుచేసుకున్నాడు. పాలు పితకడానికి వెళ్తే గేదె పక్కన వాడు, వాడి పక్కన బండి. నర్సీపట్నం అవతల కొందరు కుర్రాళ్ళు ఎండలు ముదరకముందు మట్టిలో పోటీ పెట్టుకుంటారు. ఆ పోటీలో తన బండి ఒక్కసారి పరిగెట్టాలని వాడి కోరిక. గెలవాలని కూడా కాదు. మొదలుపెట్టిన చోటి నుంచి ఆఖరి దాకా ఆగకుండా వెళ్తే చాలన్నాడు.

పోటీ ఇంకా ఇరవై రోజులుందనగా వాడి కుడిచెయ్యి గానుగలో పడింది.

మాకూ కాస్త చెరకు తోట ఉంది, ఆ రోజు గానుగ ఆడించుకునే వంతు మాది. చెరకు పెట్టే మనిషి రాలేదు. వాడు పాకలో బండి దగ్గర కూర్చున్నాడు. నేనే కేకేసి పిలిచేను. ఒక్క అరగంట ఆగు, ఈ చక్రం బిగించేసి వస్తానన్నాడు. నేను ఆగలేదు. ఆ బండి కూడెడతాదేటిరా అన్నాను. వాడు లేచి వచ్చేడు. కడుక్కోడానికి కూడా టైమివ్వలేదు, చేతులకి గ్రీజు అలాగే ఉంది. చెరకు జారింది. అంతకు మించి రాయను. మణికట్టు దాకా పోయింది.

ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. పద్దెనిమిది రోజులూ నేను వాడి మంచం పక్కనే ఉన్నాను. అన్నం కలిపి పెట్టేను, మొహం తుడిచేను, డాక్టర్ల చుట్టూ తిరిగేను. చెప్పవలసిన మాట మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చేక వాడు ఎడమచేత్తో రాయడం నేర్చుకోడం మొదలెట్టేడు. అరుగు మీద కూర్చుని పిల్లాడిలాగ అ, ఆ దిద్దేవాడు. నాకు చదువు లేదు. మనిషి ఒక్కడూ కూర్చున్నాడని పక్కన కూర్చునేవాణ్ణి. కొన్నాళ్ళకి నాకూ ఒక పుస్తకం పడేసేడు. నేను చూసి నేర్చుకున్నది వాడి ఎడమచేతి అక్షరాలే. అందుకే నా రాత ఇప్పటికీ ఎడమకి ఒరిగి ఉంటుంది. అలా నెలల తరబడి ఒకే అరుగు మీద కూర్చున్నాం. గానుగ మాట వాడెత్తలేదు, నేనెత్తలేదు.

మళ్ళీ ఏడు పోటీ వచ్చింది. వాడు ఒక రోజు అన్నం తింటూ, బండి ఇచ్చేస్తున్నానని చెప్పేడు. నర్సీపట్నం దగ్గర వాడి స్నేహితుడొకడున్నాడు, చెరకు రైతు కొడుకే, ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఊరికే ఇచ్చేస్తున్నాడు. ఒకటే షరతు, ఈ ఏడు పోటీలో ఆ బండినే తోలాలి. నేను తోలకపోయినా నా బండి పరిగెట్టాలి కదా అన్నాడు. మా ఆవిడ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సరే, నేను కట్టి పంపిస్తానన్నాను. ఆ ఏడాదిలో వాడి కోసం నేను చేయగలిగిన పని అదొక్కటే కనబడింది నాకు.

పోటీ ఆదివారం. శనివారం పొద్దున్నే మా బావమరిది తన పికప్ వ్యాను తెచ్చేడు. ముందు రోజే పాకలోంచి ఇంటికి తెచ్చి ఉంచిన బండిని, చెక్క వేసి వ్యాను తొట్టిలోకి ఎక్కించేం. ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి ఆనించేం. నేను మోకు తీసేను. వాడు వద్దన్నాడు. పట్టీలు తెచ్చుకున్నాడు, వాటికి ఇనప పిడి, లోపల పళ్ళచక్రం ఉంటాయి. పిడి ఊపిన కొద్దీ ఒక్కో పన్ను టిక్కుమని పడి పట్టీ బిగుస్తుంది. అది తనే కడతానన్నాడు. ఒక చేత్తో పట్టీ కొస లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో పిడి ఊపాలి. వాడు కొసని పళ్ళతో పట్టుకున్నాడు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పెదవి చిట్లింది. నేను చూడలేకపోయేను.

"ఇలా తే. నలబయ్యేళ్ళు కట్టేన్రా నేను."

"నువ్వు కట్టింది బెల్లం నాన్నా. బెల్లానికి స్ప్రింగులుండవు."

మా బావమరిది నవ్వేడు. నేను నవ్వలేదు.

అప్పుడు వాడు చెప్పేడు, ఓపిగ్గా, అరుగు మీద నాకు గుణింతం చెప్పినట్టే చెప్పేడు. ముందు చక్రానికి అటూ ఇటూ ఉన్న రెండు గొట్టాల్లోనూ స్ప్రింగులూ నూనే ఉంటాయట. హేండిలుకి పట్టీ వేసి కిందకి లాగితే గొట్టాలు దిగుతాయి. సగం దిగాలి, అంతే. మిగతా సగం దారిలో ఎగరడానికి ఉంచాలి. పూర్తిగా దించి కట్టేస్తే గోతిలో పడ్డప్పుడు దెబ్బంతా లోపలి సీలు మీద పడుతుంది. సీలు పోతే నూనె కారుతుంది. ఇదంతా చెప్పి, జేబులోంచి స్కెచ్చిపెన్ను తీసి, మెరుస్తున్న గొట్టం మీద ఎడమచేత్తో ఒక నల్ల గీత గీసేడు.

"ఈ గీత కనిపిత్తన్నంతసేపు లాగు. మాయమైతే ఎక్కువైపోయినట్టు."

నేను అలాగే లాగేను. గీతకి కొంచెం ఇవతల ఆపేను. వాడు వంగి చూసేడు. రెండో వైపు కూడా అంతే. వెనక రెండు పట్టీలు వేసేం. వాడు చేత్తో సీటు ఊపి చూసేడు, బండి కొంచెం కిందికీ పైకీ ఆడింది. బావుంది నాన్నా అన్నాడు. ఆ మాట వాడి నోట విని చాలాకాలమైంది. వాళ్ళమ్మకి చెప్పొస్తానని లోపలికి వెళ్ళేడు.

మా బావమరిది ఇంజను స్టార్టు చేసేడు.

నేను తొట్టిలోనే ఉన్నాను. బండి ఇంకా ఆడుతోంది. ఆడే లోడుని పంపడం నావల్ల కాదు. గీత సంగతి మర్చిపోయేనని రాస్తే అబద్ధం. గుర్తుంది. ఒక వేలెడు దూరానికి ఏమవుతుందిలే అనుకున్నాను. దారంతా గోతులు, పట్టీ వదులైతే బండి పడిపోతుంది, పడిపోతే వాడి ఏడాది కష్టం పోతుంది అనుకున్నాను. తొట్టి గోడకి కాలు తన్నిపెట్టేను. అటు నాలుగు పళ్ళు, ఇటు నాలుగు పళ్ళు. గీత లోపలికి వెళ్ళిపోయింది. బండి రాయిలాగ నిలబడిపోయింది. నా ఒళ్ళు తేలికైంది.

బావమరిది క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి చూసేడు. "బావా, అది బండా, బెల్లం దిమ్మా?"

"ఏదైతే ఏటి, నడు," అన్నాను.

ముగ్గురం ముందు కూర్చున్నాం. వాడు కిటికీ వైపు. తుమ్మపాల దాటేక రోడ్డు మొదలైంది, అంటే గోతులు మొదలయ్యేయి. ఒక్కో గోతికీ వెనకాల ఠక్కుమని ఒక చప్పుడు. బెల్లం లోడు అలా చప్పుడు చెయ్యదు. వాడు ప్రతిసారీ వెనక్కి చూస్తున్నాడు. చోడవరంలో టీ దగ్గర ఆగినప్పుడు, ఒకసారి ఎక్కి చూస్తానన్నాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు. నేను కట్టింది మళ్ళీ చూడక్కర్లేదు, టీ తాగు అన్నాను. వాడు నా మొహం చూసేడు. చూసి, గ్లాసు అందుకున్నాడు. నన్ను నమ్మేడు. గానుగ రోజూ, ఈ రోజూ, రెండుసార్లూ నేను చెప్పిన మాటే విన్నాడు వాడు.

మధ్యాహ్నానికి స్నేహితుడి కళ్ళానికి చేరేం. ఆ కుర్రాడు ఎదురొచ్చి, వ్యాను ఆగకముందే తొట్టిలోకి గెంతేడు. బండి మెడ మీద చెయ్యి వేసి నిమిరేడు. తరవాత చెయ్యి కిందకి పోనిచ్చి ఆగిపోయేడు. వేళ్ళు పైకెత్తి చూసుకున్నాడు. నల్లగా నూనె. గొట్టం వెంట కారి, కింద ఉన్న బ్రేకు పళ్ళెం మీదకి దిగి, తొట్టిలో మడుగు కట్టింది. రెండో వైపు గొట్టానికీ తడి ఉంది.

మా అబ్బాయి ఎక్కేడు. కూర్చుని చూసేడు. చాలాసేపు చూసేడు.

సీలు దొరకదా అని మా బావమరిది అడిగేడు. ఈ బండివి ఇక్కడ దొరకవు, బెంగుళూరు నుంచి తెప్పించాలి, వారం పైన పడుతుందన్నాడు ఆ కుర్రాడు. పోటీ రేపు. అయినా ఫరవాలేదు, తుడిచేసి అలాగే తోలేస్తానన్నాడు. మావాడి కోసమే అన్నాడు, అది నాకూ తెలుస్తోంది.

"వద్దు బావా," అన్నాడు మా అబ్బాయి. "నూని బ్రేకు మీద పడతంది. ముందు బ్రేకు పట్టదు. నీకేటైనా అయితే నేనేటి సెయ్యాలి? వద్దు."

ఏడాది నుంచి వాడు చూస్తున్నది ఆ ఒక్క రోజు కోసం. వద్దనడానికి వాడికి ఒక్క నిమిషం పట్టలేదు. ఆ రోజు గానుగ దగ్గర నేను అనవలసిన మాట అదే. చేతులకి గ్రీజుంది, వద్దురా, అని. నాకు నోరు రాలేదు, వాడికి వచ్చింది.

తరవాత వాడు స్నేహితుడితో, తప్పు నాదే, గీత ఎక్కువ కిందకి గీసినట్టున్నాను, ఎడమచెయ్యి కదా అన్నాడు. చోడవరంలో దిగి చూసుకోవలసిందన్నాడు. ఎవర్నీ అనలేదు. నేను కింద వ్యాను పక్కన నిలబడి విన్నాను. అలాగే ఊరుకుంటే ఆ తప్పు వాడి మీదే ఉండిపోయేది. ఊరుకుందామనే అనిపించింది, ఎందుకు దాచాలి.

"గీత సరిగ్గానే ఉందిరా. నువ్వు లోపలికెళ్ళేక నేను మళ్ళీ లాగేను. గీత మాయమవడం సూసే లాగేను."

వాడు తల తిప్పేడు. స్నేహితుడూ బావమరిదీ చూపులు దించుకున్నారు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుణ్ణు.

"ఆ రోజు కూడా నేనే," అన్నాను. "అరగంట ఆగమన్నావు. నేను ఆగలేదు."

ఇది అక్కడ చెప్పాలని అనుకోలేదు. పరాయి కళ్ళంలో, నలుగురి ముందు, ఎండలో వచ్చేసింది.

వాడు బండి వైపు తిరిగేడు. ఎడమచేత్తో పట్టీ పిడి వెనక్కి తిప్పేడు. పళ్ళచక్రం వదిలింది. బండి ముందు భాగం నెమ్మదిగా పైకి లేచింది, దాంతోపాటు గీతా బయటికొచ్చింది. నూనెకి సగం చెరిగిపోయి ఉంది. అప్పుడు మాట్లాడేడు, నా వైపు చూడకుండా.

"ఆసుపత్రిలో రోజూ ఎదురు సూసేను నాన్నా, ఆ మాట అంటావేమోనని. పద్దెనిమిది రోజులు."

నేను లెక్కపెట్టినట్టే వాడూ లెక్కపెట్టేడు.

బండి దింపేసేం. ఆ కుర్రాడి తల్లి అన్నం తిని వెళ్ళమంది. తిన్నాం. ఏం కూరో గుర్తు లేదు. తిరిగొచ్చేటప్పుడు వాడు ముందు ఎక్కలేదు. గాలి బావుంటుందని చెప్పి వెనక ఖాళీ తొట్టిలో కూర్చున్నాడు. ముందుకి రారా అనడానికి నాకు ధైర్యం చాలలేదు. గోతి వచ్చినప్పుడల్లా బావమరిది నెమ్మదిగా పోనిస్తున్నాడు. వెనక అద్దంలోంచి చూస్తే, వాడు తొట్టి అంచుని ఎడమచేత్తో పట్టుకుని, మేం వదిలి వచ్చిన రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు వీపొక్కటే కనబడింది. అనకాపల్లి దాకా అంతే.