తలుపు దగ్గర షాలేం రాజు

మా సంఘంలో ప్రార్థన మొదలైతే వంద మంది కళ్లు మూసుకుంటారు. షాలేం రాజు ఒక్కడు మూయకూడదు. రెండేళ్లుగా అది అతని డ్యూటీ.

అమెరికాలో మేముండే కాపెల్ ఊళ్లో మాకు సొంత చర్చి లేదు. అమెరికన్ల చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుని తెలుగు ఆరాధన జరుపుకుంటాం. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక చర్చిలో కాల్పులు జరిగిన వారం మా కమిటీ కూర్చుంది. తలుపు దగ్గర తుపాకీతో ఒక మనిషి ఉండాలని తీర్మానించింది. తీర్మానం దాకా అందరూ సింహాలే. ఎవరు ఉంటారు అనేసరికి అందరూ సమోసాల ప్లేటు వంక చూశారు. సంఘ పెద్దనైన నేనూ చూశాను.

షాలేం రాజు చెయ్యెత్తాడు. నరసాపురం వాడు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. బల్లిని చూస్తే గది మారే మనిషి. కానీ ఎవరూ ముందుకు రాకపోతే తనే వచ్చే జబ్బు ఒకటుంది అతనికి. కుర్చీలు సర్దడం, డేగిసాలు కడగడం, ఎయిర్‌పోర్టుకి వెళ్లి కొత్తవాళ్లను తేవడం, అన్నీ అలాగే అతని నెత్తిన పడ్డాయి.

ఒక పొట్టి రివాల్వర్ కొన్నాడు. కోటు జేబులో ఇమిడిపోతుంది. ఐదే తూటాలు, కానీ ఒక్కొక్కటి చిటికెన వేలంత లావు. "చిన్నగా ఉంటుంది, మనిషిని మాత్రం ఆపేస్తుంది" అన్నాడట షాపువాడు. అంత తేలిక తుపాకీలో అంత బరువు తూటా పేలితే ఆ తన్ను కాల్చినవాడి అరచేతికే తగులుతుందని మాత్రం చెప్పలేదు.

నాకు పదేళ్లుగా తుపాకీ గురి సాధన చేసే రేంజ్‌కి వెళ్లే అలవాటుంది. శనివారాలు అతన్ని వెంట తీసుకెళ్లాను. ఏడు గజాల దూరంలో కాగితం బొమ్మ. ఐదు కాల్చితే రెండు తగిలేవి, అవి కూడా మోకాళ్ల దగ్గర. ఒకరోజు అతను చూడకుండా రివాల్వర్ చక్రంలో పేలని ఖాళీ తూటాలు రెండు కలిపి ఇచ్చాను. ఖాళీ తూటా వచ్చినప్పుడు పేలుడు లేదు, అయినా తుపాకీ మూతి కిందికి వంగింది, అతని కళ్లు గట్టిగా మూసుకుపోయాయి.

"అన్నయ్యా, పేలకముందే కళ్లు మూసుకుపోతన్నాయండి నాకు" అన్నాడు సిగ్గుపడుతూ.

"బాగుందయ్యా. ప్రార్థనకి తెరుస్తావు, కాల్చడానికి మూస్తావు. అంతా రివర్స్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ట్రిగ్గర్ మరీ బిగువుగా ఉందని, స్ప్రింగ్ మార్పించమని సలహా ఇచ్చింది కూడా నేనే. సరేనన్నాడు. అంతలో అతని భార్య దెబోరాకు రొమ్ములో గడ్డ కనిపించింది. స్కానులు, అపాయింట్‌మెంట్లు. స్ప్రింగ్ సంగతి వెనకబడింది.

అతను ఆ తలుపు దగ్గర ఉండదగిన మనిషి కాడని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కమిటీకి చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే రేంజ్‌కి పోయే అలవాటున్న నన్నే నిలబెడతారు. దాన్ని ఇంకో పేరుతో పిలవను. పిరికితనం.

మార్చి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచాక, తలుపు దగ్గరున్న అతనికి నేను పళ్లెం తీసుకెళ్లడం ఆనవాయితీ. ఆ రోజు పంపకం ఆలస్యమై, నేను బయలుదేరేసరికి పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేశారు. సహోదరి దెబోరా బయాప్సీ కోసం ప్రార్థిస్తున్నారు. హాల్లో మేం చెప్పులు వేసుకోం. సాక్సులతో కార్పెట్ మీద నడిచాను, చప్పుడు లేదు.

షాలేం రాజు కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. పెళ్లాం కోసం ప్రార్థించుకుంటున్న మనిషిని తప్పు పట్టగలమా? మెల్లగా భుజం తాకాను.

మరుక్షణం రివాల్వర్ నా పొట్టకు ఆని ఉంది. ట్రిగ్గర్ నొక్కుతున్నాడు. తూటాను కొట్టి పేల్చే, కొడవలి ముక్కలాంటి ఆ చిన్న సుత్తి వెనక్కి లేవడం నా కళ్లతో చూశాను. సగం దాకా లేచింది. అతని కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. పళ్లెంలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ శబ్దానికి కళ్లు తెరిచాడు, నన్ను చూశాడు, వేలు వదిలాడు.

అందరూ "ఆమెన్" అన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

స్ప్రింగ్ మార్పించి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

పార్కింగ్ లాట్‌లో అతను నా చెయ్యి వదల్లేదు. "చంపేసేవాణ్ణి ఆమోసన్నయ్యా. మిమ్మల్నే చంపేసేవాణ్ణి."

"ఎవరికీ చెప్పకు" అన్నాను. అతన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను.

అతను వినలేదు. తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి, మైకు పట్టుకుని అంతా చెప్పాడు. తనకు గురి లేదని, కళ్లు మూసుకుపోతాయని, ఆమోసన్నయ్య పొట్టకు తుపాకీ పెట్టానని. "నన్ను తీసెయ్యండి" అన్నాడు ఏడుస్తూ.

నా వైపు ఎవరైనా చూస్తారేమోనని తల దించుకున్నాను. ఇంతలో ముందు వరసలోంచి పర్సిస్ ఆంటీ, "స్తోత్రం! ఆ తూటాని దేవుడే ఆపాడు!" అని అరిచింది. పాస్టరుగారు "హల్లెలూయా" అన్నారు. చప్పట్లు మారుమోగిపోయాయి. నన్ను కూడా లేపి నిలబెట్టి, చావు తప్పించుకున్నవాడని పాట అందుకున్నారు. షాలేం రాజు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతను చెప్పింది ఎవరికీ వినబడలేదు.

ఆరాధన అయ్యాక కమిటీ సెక్రటరీ జోనాథన్ అతన్ని కౌగిలించుకున్నాడు. "పవర్‌ఫుల్ టెస్టిమొనీ బ్రదర్! నెక్స్ట్ వీక్ డ్యూటీ కంటిన్యూ చేసేయండి."

మళ్లీ ఆదివారం వచ్చింది. బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు. దెబోరా కోసం ప్రార్థన మొదలైంది. నాకు కళ్లు మూతపడలేదు. వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర ఎవరూ లేరు.

షాలేం రాజు మూడో వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. కోటు లేదు. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు. ఈ రెండేళ్లలో అతన్ని అలా కూర్చుని ఉండగా చూడలేదు.

లేచి, సాక్సులతో నడిచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. నా దగ్గర తుపాకీ లేదు. అక్కణ్ణించి చూస్తే అన్నీ వీపులే. ముసలమ్మల ముసుగులు, నిద్రపోతున్న పసివాళ్లు, వంచిన తలలు. ఒక్కరూ వెనక్కి తిరగరు. తలుపు అవతల ఏదో కారు ఆగింది. తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. పాస్టరుగారి ప్రార్థన ఇంకా అయిపోలేదు.