నల్లచుక్కల మస్టరు

మా నాయిన పంపిన మొదటి చేపలు పులుసుకు తప్ప దేనికీ పనికిరాలేదు. బతికున్న చేపలు కావాలని ఉత్తరంలో స్పష్టంగానే రాశాను. పట్నం చేరేలోపు ఎండకు పాడైపోతాయని అమ్మ వాటిని కోసి, కడుపులో ఉన్నదంతా తీసిపారేసి, ఉప్పూ పసుపూ పట్టించి స్టీలు డబ్బాలో పెట్టింది. నాకు కావలసిన మూత్రపిండం ఆ పారేసినదాంట్లోనే పోయింది. హాస్టల్లో అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను ఏడ్చాను.

అవి ఎనభైల చివరి రోజులు. యూనివర్సిటీలో సంకర చేపల మీద పరిశోధన చేస్తున్నాను. తల్లి రోహు, తండ్రి బొచ్చె. పిల్లకు యాభై క్రోమోజోములు, చెరిసగం. ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఎక్కడుందో గుర్తించి పటం గీయడం నా పని. దానికి మూత్రపిండంలో విభజన జరుగుతున్న కణాలు కావాలి, అంటే చేప నా చేతికొచ్చేదాకా బతికుండాలి. బజారులో సంకరమని చెప్పి అమ్మేవాటిని నమ్మడానికి లేదు. అందుకే గోదావరిఖని దగ్గరి చేపపిల్లల కేంద్రంలో, నా కళ్లముందు గుడ్లనూ వీర్యాన్నీ పళ్లెంలో పోసి కోడి ఈకతో కలిపి పుట్టించిన పిల్లల్నే తీసుకున్నాను. వాటిని మరో చేప లేని కుంటలో వేసి పెంచింది మా నాయిన. ఆయన బొగ్గుబాయిలో టబ్బులు నింపే కోల్ ఫిల్లరు.

రెండోసారి ఆయనే బయల్దేరాడు. నైట్ షిఫ్టు దిగి, చెవుల వెనక బొగ్గు కూడా సరిగా కడుక్కోకుండా, రామగుండంలో పొద్దుటి ప్యాసింజరెక్కాడు. బిందెలో జానెడేసి చేపలు నాలుగు. నీళ్లు కదలకపోతే చేపకు ఊపిరాడదు. చేపపిల్లలు మోసుకెళ్లేవాళ్లు దారిపొడుగునా అరచేత్తో నీళ్లు కొడుతూనే ఉంటారు. మా నాయిన కూడా ఓ చెయ్యి నొప్పిపుడితే ఇంకో చేత్తో, పట్నం దాకా కొట్టాడు. ల్యాబు గుమ్మంలో బిందె దించేసరికి ఆయన వేళ్లు నాని తెల్లబడ్డాయి. ఆ చేతుల్ని అంత తెల్లగా నేనెన్నడూ చూడలేదు.

"నాలుగూ పానంతోనే ఉన్నయి బిడ్డా," అన్నాడు.

నా పరిశోధనకు గైడయిన సారు బిందెలోకి తొంగిచూశాడు. మా నాయిన మొహంలోకి మాత్రం చూడలేదు.

స్లయిడు మీద వెండి ద్రావణం వేస్తే కొన్ని జన్యువులున్న చోట నల్లచుక్క పడుతుంది. పనిచేసినవాటికే పడుతుంది, ఊరికే కూర్చున్నవి కనబడవు. వారం తర్వాత నాయినను మళ్లీ పిలిపించి సూక్ష్మదర్శినిలో చూపించాను. ఒక కన్ను మూయడం రాక, చేత్తో మూసుకుని చూశాడు.

"అచ్చం మా బాయిల మస్టరు లెక్కనే ఉన్నదేందే! పనిచేసినోనికే పడ్తది," అని నవ్వాడు. మస్టరంటే బాయి దగ్గర వేసే హాజరు.

పరిశోధన పేపరులో నా పేరే ముందుంటుందని సారు మాటిచ్చాడు. ఆ పేరుంటే లెక్చరరు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. నాయిన ఆ సంగతి కాలనీ అంతా చెప్పుకున్నాడు.

పేపరు అచ్చయింది. నా స్లయిడు ఫొటో ఉంది, నేను గీసిన పటం ఉంది. పేర్లు మాత్రం రెండు. సారుది, చేప వాసన ఎట్లుంటుందో కూడా తెలియని ఆయన బామ్మర్దిది. సొమ్మొకడిది, సోకొకడిది. అడిగాను.

"నీకు పేరుతో ఏం పనమ్మా? రేపు పెళ్లయితే ఇంటిపేరే మారిపోతుంది," అన్నాడు.

నా థీసిస్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. నోరు మూసుకున్నాను. ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది గానీ, ఆ మూసుకున్న నోటి మీద ఇప్పటికీ చల్లారలేదు.

ఇంటికెళ్తే నాయిన ముందు అడిగింది అదే. "మన పేరేదే?"

ఆయనకు ఇంగ్లీషు రాదు. సారు పేరు మీద వేలు పెట్టాను. ఆయన తువ్వాలకు చెయ్యి తుడుచుకుని ఆ అక్షరాలను తడిమాడు. మర్నాడు ఆ కాగితాన్ని టిఫిను సంచిలో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

మళ్లీ వానాకాలం వచ్చింది. సారుకు ఇంకో పేపరు కావలసివచ్చింది. "చేపల కోసం మీ నాన్నగారికి ఒక మాట చెప్పు," అన్నాడు. మా నాయినను ఆయన 'గారు' అనడం అదే మొదలు. సిగ్గు లేకుండా ఇంటికి పోయి అడిగాను.

నాయిన మంచం మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు.

"తెస్త బిడ్డా," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఈసారన్నా నీ మస్టరు పడ్తదా, మొన్నటి లెక్కనే నాగానా?" అన్నాడు.

ఆ కాగితం డ్యూటీకి పట్టుకుపోయిన రోజే, బాయి దగ్గర ఇంగ్లీషు వచ్చిన క్లర్కుతో చదివించుకున్నాడట. ఇన్ని నెలలూ నాకు గానీ అమ్మకు గానీ చెప్పలేదు.

"పడ్తది నాయినా," అన్నాను. పడదని నాకు తెలుసు.

ఆయన లేచి, సజ్జ మీది బిందె దించి, తోమడానికి కూర్చున్నాడు.